కత్తి పట్టినవాణ్ని చూసి నవ్వొచ్చా?

మామ: సినిమా మొత్తం చూశానమ్మా. నవ్వాను కూడా, కాదనను. అయినా నచ్చలేదు. మూతి ఇంత లావున వాచిపోయి వేలాడుతున్నవాడు మహాయోధుడట. చంపు చంపు అని శత్రువు కాళ్లావేళ్లా పడేవాడు ఇంకో యోధుడు. ఆడవేషం కట్టి తైతక్కలాడే రాజు మరొకడు. ఇద్దరు కత్తివీరులు ఎదురుపడితే చూసేవాడికి ఒళ్లు గగుర్పొడవాలి గానీ, పొట్ట చెక్కలవడమేమిటి?

మేనకోడలు: ఆ మూతి వాచినాయన టోనీ లియుంగ్, మామా. హాంకాంగ్‌లో అంతకంటే గంభీరమైన నటుణ్ని వెతకడం కష్టం. ఇది 1993లో చైనా కొత్త సంవత్సరం పండక్కి వచ్చిన ‘ది ఈగిల్ షూటింగ్ హీరోస్’. ముఖ్య పాత్రలు జిన్ యోంగ్ నవలలోవి. 1957లో పత్రికలో సీరియల్‌గా మొదలైన నవల అది. చైనీస్ చదివే ఇళ్లలో ఆ వీరుల పేర్లు తెలియనివాళ్లు తక్కువ. వాంగ్ కార్-వై అవే పాత్రలతో ఒక గంభీరమైన సినిమా మొదలుపెట్టాడు, ఎంతకీ తెమల్లేదు. పండక్కి థియేటర్లలో ఏదో ఒకటి పడాలి కదా. దాదాపు అదే తారాగణంతో జెఫ్రీ లౌ చేత ఈ అల్లరి సినిమా చకచకా తీయించారు. అసలుది ‘యాషెస్ ఆఫ్ టైమ్’, 1994లో వచ్చింది. రెండింటికీ ఫైట్లు కూర్చింది సామో హుంగే. ఇక్కడ ఎగిరి గంతులేసిన లెస్లీ చుంగ్, అక్కడ ఎడారిలో ఒంటరిగా కూర్చుని డబ్బు పుచ్చుకుని మనుషుల్ని చంపించే దళారి.

మామ: అంటే అవసరం గడుపుకోవడానికి తీసిన సినిమా. దానికి నీ వకాల్తా ఎందుకు?

మేనకోడలు: ఎందుకు తీస్తేనేం, ఏం పట్టుకుందో చూడండి. కత్తివీరుల పోటీ అన్నదాంట్లోనే నవ్వు దాగి ఉంది. పొలం పోయిందనో, ఇంటిమీదికి ఎవరో వచ్చారనో కాదు వీళ్ల గొడవ. నాకంటే వాడు మొనగాడని లోకం అనుకుంటుందేమోనని బెంగ, అంతే. ఆ ‘చంపు చంపు’ సన్నివేశమే తీసుకోండి. ఎదుటివాడు చేతులు దించి నిలబడ్డాడు. విషవిద్యల్లో ఆరితేరిన మహావీరుడు ఎన్ని రకాలుగా కొట్టినా వాడు చావడు, ప్రతి దెబ్బా తిరిగొచ్చి కొట్టినవాడికే తగులుతుంది. ఎదురు తిరగనివాడి ముందు వీరుడి గతి ఏమిటి? ఈ మాట మొహం ముడుచుకుని చెబితే ఉపన్యాసం అవుతుంది. నవ్విస్తూ చూపించాడు కాబట్టి మీకు కూడా గుర్తుండిపోయింది.

మామ: గుర్తుండటం గొప్పేం కాదు, వెకిలితనమూ గుర్తుంటుంది. నేను పాపారపట్టి పిల్లలకి కర్రసాము నేర్పేటప్పుడు మొదటిరోజే చెబుతాను, కర్ర చేతిలో ఉండగా నవ్వొద్దురా అని. అది నీతిసూత్రం కాదు. నవ్వితే ఊపిరి చెదురుతుంది, ఊపిరి చెదిరితే అడుగు చెదురుతుంది, అడుగు చెదిరితే పక్కవాడి కన్ను పోతుంది. ఆయుధం దగ్గర నవ్వని అలవాటు మనుషులకి ఊరికే రాలేదు.

మేనకోడలు: పట్టుకున్నవాడు నవ్వకూడదు, ఒప్పుకుంటాను. చూసేవాడి సంగతి వేరు కదా.

మామ: చూసేవాడికి మరీ కూడదు. మనం ఉన్న నేల ఎలాంటిదో చూడు. ధర్మపురి మ్యూజియంలో వీరగల్లులు పెట్టారు. మన జిల్లాలోనూ, కృష్ణగిరి వైపూ, చెంగం వైపూ పొలం గట్లమీద ఇంకా ఎన్ని ఉన్నాయో. ఒక్కదాని ముందు గొంతుకూర్చుని చూశావా? కుడిచేతిలో పొట్టి కత్తి, ఎడమచేతిలో చిన్న డాలో విల్లో. తొడలోనో ఛాతీలోనో దిగిన బాణాలు. మొహంలో కోపం ఉండదు, నొప్పి ఉండదు. పశువుల మందని తోలుకుపోయేవాళ్లని అడ్డుకుని చచ్చాడని పక్కన నాలుగు ముక్కలు. చెంగం దగ్గర ఎడత్తనూరులో ఒక రాయి ఉంది, 7వ శతాబ్దం నాటిది, మహేంద్రవర్మ కాలం. వీరుడి పక్కన కుక్క బొమ్మ చెక్కారు. ఆ కుక్క పేరు కోవివన్. యజమాని పడిపోతే ఇద్దరు దొంగల్ని కరిచి నిలబడిందని రాశారు. దాదాపు పద్నాలుగు వందల ఏళ్లుగా కుక్క పేరు కూడా చెరిగిపోలేదు. అలాంటి చోట పుట్టి, కత్తి పట్టినవాడి మూతి వాచిందని నవ్వమంటావా?

మేనకోడలు: ఆ శిల్పి నాకు నచ్చాడు మామా. కుక్కని వదిలేసి ఉంటే వీరుడు ఇంకా గంభీరంగా కనపడేవాడు. అయినా చెక్కాడు. వీరుడు ఒక్కడే గొప్ప అన్న డాబు ఆ రాయికి లేదు. నేను నవ్వేది ఆ డాబుని. మందకోసం చచ్చినవాడు వేరు, బిరుదుకోసం కొట్టుకునేవాడు వేరు.

మామ: తేడా నీకు తెలుసు. నీ సినిమాకి తెలుసా? అందులో మందకోసం చచ్చేవాడు ఒక్కడైనా ఉన్నాడా, వాణ్ని పక్కన పెట్టి మిగతావాళ్లని ఏడిపించడానికి? లేడు. అందర్నీ ఒకే గాటన కట్టారు.

మేనకోడలు: లేడు, అది నిజమే. కానీ నవ్వు అసలు వీరుణ్ని వదిలిపెట్టాలని నియమం ఎక్కడుంది? మన విరాటపర్వంలోనే లేదు. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేనని చూడగానే రథం దిగి పరుగు లంకించుకున్నాడు. ఆ ప్రగల్భాలు ఇప్పటికీ మన నోళ్లలో సామెతే. అతన్ని చూసి అందరూ నవ్వుతారు. మరి అతని వెనకాల జడ ఊగులాడుతుంటే, చీర కుచ్చెళ్లు పట్టుకుని పరిగెత్తింది ఎవరు? బృహన్నల. సాక్షాత్తూ అర్జునుడు. దూరాన ఉన్న కౌరవ సైనికులు ఆ పరుగు చూసి నవ్వారని భారతమే చెప్పింది. గాండీవం పట్టే మహావీరుణ్ని లోకమంతా చూస్తుండగా నవ్వులపాలు చేసి, ఆ తర్వాతే అతని చేతికి విల్లిచ్చారు.

మామ: ఆ తర్వాత విల్లిచ్చారు. చూశావా, అక్కడే ఉంది కిటుకు. నవ్వు ఒక మజిలీ, అక్కడ ఆగిపోలేదు. మన ద్రౌపదమ్మ తిరునాళ్లలో తెరుకూత్తు చూడు. హాస్యగాడు కట్టియంకారన్ రాత్రంతా దుర్యోధనుణ్ని ఆటపట్టిస్తాడు, భీముడి తిండిమీద జోకులేస్తాడు, రాజు సింహాసనం ఎక్కబోతుంటే అడ్డం వస్తాడు. మన వైపు తోలుబొమ్మలాటలో కేతిగాడూ అంతే, యుద్ధానికీ యుద్ధానికీ మధ్య దూరి బూతులు కూస్తాడు. నాకు వాళ్లమీద కోపం లేదు. కానీ పద్దెనిమిదో రోజు యుద్ధం నాటి పొద్దున ఆ పెద్ద మట్టి దుర్యోధనుడి తొడ పగిలి, ద్రౌపది జుట్టు ముడుచుకునేటప్పుడు కట్టియంకారన్ నోరెత్తడు. ఎక్కడ ఆగాలో వాడికి తెలుసు. నీ హాంకాంగ్ వాళ్లకి ఆ పొద్దు ఎప్పుడు తెల్లారింది?

మేనకోడలు: దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ సినిమాలో అలాంటి పొద్దు లేదు. అయితే ఆ నటులు వచ్చిన దారి మన కూత్తుకి దూరమైనదేం కాదు. పెకింగ్ ఆపెరాలో ‘సాన్ చా కౌ’ అని ఒక ఆట ఉంది. చీకటి రాత్రి, ఒక సత్రం గది. ఇద్దరు కత్తివీరులు. సత్రం యజమాని ఒకడు, దారిన పోతూ దిగిన యోధుడు ఒకడు. ఎదుటివాడు శత్రువని ఇద్దరూ పొరబడ్డారు. చిమ్మచీకట్లో తడుముకుంటూ కొట్టుకుంటారు. రంగస్థలం మీద మాత్రం దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి, ఒక బల్ల తప్ప ఇంకేం ఉండదు. మనకి అంతా కనపడుతుంది, వాళ్లకి ఏమీ కనపడదు. ముక్కుకి అంగుళం దూరంలో కత్తి ఇటునుంచి అటు పోతుంది, వాడు కళ్లు ఇంత చేసుకుని గాలిని వెతుకుతుంటాడు. జనం విరగబడి నవ్వుతారు. ఆ అంగుళం తప్పితే ముక్కు పోతుంది. నవ్వించే కత్తియుద్ధానికి మామూలు కత్తియుద్ధం కంటే లెక్క ఇంకా కచ్చితంగా కుదరాలి. కర్ర పట్టినవాడు నవ్వకూడదన్న మీ మాట ఆ ఇద్దరికీ మీకంటే బాగా తెలుసు. సామో హుంగ్, జాకీ చాన్ చిన్నప్పుడు ఒకే గురువు దగ్గర దెబ్బలు తిని నేర్చింది ఆ విద్యనే.

మామ: ఆ ఆట బాగుంది. నిజంగా బాగుంది. చివరికి ఎవరు చస్తారు?

మేనకోడలు: ఎవరూ చావరు. అపోహ తొలగిపోతుంది. పాత పద్ధతిలో సత్రం యజమాని దుర్మార్గుడు, చచ్చిపోయేవాడు. 1950ల్లో కథ మార్చి అతన్నీ మంచివాణ్ని చేశారు.

మామ: చెప్పావు! నవ్వు హాయిగా సాగాలంటే చావుని కథలోంచి పీకెయ్యాలి. నా అభ్యంతరం ఇదే, ఇంతకంటే పెద్దది లేదు. కత్తి ఉంది, తళతళలాడుతోంది, గాల్లో తిరుగుతోంది, కానీ తెగదు. మా వీరగల్లు మీద దిగిన బాణం దిగింది. బయటికి రాదు.

మేనకోడలు: తెగదని ఎలా అంటారు? తెగేది పాత్ర ఒళ్లు కాదు, నటుడి ఒళ్లు. జాకీ చాన్ 1986లో ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ తీస్తూ చెట్టుమీంచి పడి పుర్రె పగలగొట్టుకున్నాడు. ఆయన సినిమాల చివర పేర్లు పడేటప్పుడు తప్పిన గంతులు, పడిన దెబ్బలు చూపిస్తాడు, గుర్తుందా? నవ్వించి నవ్వించి, ఆఖర్న స్ట్రెచర్ చూపిస్తాడు. మీ ఎంజీఆర్ ఎప్పుడైనా చూపించాడా?

మామ: ఎంజీఆర్ జోలికి రాకు.

మేనకోడలు: రావాల్సిందే. ‘ఆయిరత్తిల్ ఒరువన్’ గురించి మీరు చెప్పినన్నిసార్లు ఇంకెవరూ చెప్పి ఉండరు. 1965, మన బి.ఆర్. పంతులు తీసిన సినిమా. ఎంజీఆర్, నంబియార్ ఎదురుపడితే కత్తుల కంటే ముందు మాటలు దూసుకుంటారు. సగం యుద్ధం వ్యంగ్యమే. ఎంజీఆర్ మొహాన నవ్వు చెదరదు. ఇటు మన కత్తి కాంతారావు, రాజనాల సంగతి సరేసరి. విఠలాచార్య సినిమాలో రాకుమారుడు కింద పడ్డ కత్తిని కాలితో ఎగరేసి విలన్ చేతికే అందిస్తాడు. ఎందుకట? నిరాయుధుణ్ని చంపనని. చంపడానికి వచ్చినవాడు ఎదుటివాడికి కత్తి అందించడం కంటే నవ్వొచ్చే సంగతి ఏముంది?

మామ: అది నీకు నవ్వుగా ఉందా? మేం టెంటు కొట్టాయిలో నేలమీద కూర్చుని ఈల వేసింది ఆ క్షణానికే. కత్తి తిరిగి ఇచ్చినప్పుడు వాడు వీరుడయ్యాడు. అంతకుముందు ఊరికే బలవంతుడు. ఎంజీఆర్ నవ్వితే తను నవ్వుతాడు, మనం ఆయన్ని చూసి నవ్వం. ఆ గీత నువ్వు చెరిపేస్తున్నావు. ఇక నంబియార్... తెరమీద అంత దుర్మార్గం ఒలకబోసిన మనిషి బయట శబరిమల గురుస్వామి. కత్తి పక్కన పెట్టడం ఎలాగో కూడా వాళ్లకి తెలుసు.

మేనకోడలు: తెరమీద వాళ్లకి తెలుసు. తెర ముందు కూర్చున్నవాళ్లకి? నా అసలు మాట ఇప్పుడు చెబుతాను, కోప్పడకండి. వీరుణ్ని చూసి నవ్వకూడదని నేర్పిన చోట మనిషి తనని చూసి తను నవ్వుకోవడం కూడా మానేస్తాడు. 2012 నవంబరులో మన జిల్లాలో, నాయకన్‌కొట్టాయ్ దగ్గర మూడు దళిత కాలనీల్లో ఇళ్లు తగలబెట్టారు. ఒక పెళ్లి, ఒక పరువు, దాని వెనకాల మా వంశం వీరుల వంశం అన్న మాట. ఆ గుంపులో ఒక్కడైనా, మనం చేస్తున్నదేమిట్రా అని పకపకా నవ్వగలిగి ఉంటే? కత్తిని మరీ గౌరవించేవాడంటే నాకు భయం. కత్తిని చూసి నవ్వేవాడంటే భయం లేదు.

మామ: ఆ రోజుల గురించి నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. సరే, నేనొకటి అడుగుతాను. వడివేలు ‘ఇంసై అరసన్ 23ఆం పులికేసి’ ఎప్పుడొచ్చింది?

మేనకోడలు: 2006లో. చింబుదేవన్ తీశాడు. తెలుగులోకీ వచ్చింది.

మామ: అందులో ఆ తిక్కరాజు ఏం చేస్తాడు? రెండు కులాలవాళ్లు కొట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక మైదానం కట్టించి ప్రారంభోత్సవం చేస్తాడు. శత్రువు వస్తే తెల్లజెండా. వీరత్వం పేరుతో జరిగే ప్రతి బూటకాన్నీ ఆ సినిమా ఎండగట్టింది, నీ హాంకాంగ్ సినిమా కంటే వంద రెట్లు బాగా. మన జిల్లా జిల్లా అంతా చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ మైదానం సీను ఇప్పటికీ టీవీలో వస్తే నవ్వుతారు. 2006లో నవ్విన ఊళ్లే, 2012లో?

మేనకోడలు: ...

మామ: నిన్ను ఓడించాలని అనలేదు. నవ్వు మందు అంటావు. నేను చూసినంతలో నవ్వేవాడు ఎప్పుడూ పక్క కులంవాణ్ని చూస్తున్నాననే అనుకుంటాడు. నవ్వి, దులుపుకుని, ఇంటికొచ్చి, మళ్లీ తన కత్తికి నూనె రాసుకుంటాడు.

మేనకోడలు: నవ్వు మందు కాదు, సరే. కానీ గంభీరమైన సినిమాలు ఆపాయా? ‘యాషెస్ ఆఫ్ టైమ్’ చూడండి. ఒక్కడు నవ్వడు. ఎడారి, గాలి, ఎండలో మసకబారే కత్తి, చూపు పోతున్న యోధుడు. ఆ ఛాయాగ్రహణానికి క్రిస్టఫర్ డాయిల్‌కి వెనిస్‌లో బహుమతి ఇచ్చారు. మనిషి మెడ తెగే చప్పుడు కూడా అందులో అందంగా ఉంటుంది. చావుని కథలోంచి పీకేసినవాడు తప్పు చేశాడంటే, చావుని అంత అందంగా చేసినవాడు ఏం చేసినట్టు? మీ కాంతారావు కత్తి కూడా తళతళలాడింది కదా.

మామ: ఊఁ. ఈ మాటకి నిలబడాలి. అందం నవ్వు కంటే ప్రమాదమే, కాదనలేను. మా తరం మీసం తిప్పింది నవ్వు నేర్పినందుకు కాదు, ఆ తళతళకి. అయినా మన ఊళ్లోనే తళతళ లేని వీరుడు ఉన్నాడు కదా. సుబ్రమణ్య శివ. 1908లో వ.ఉ. చిదంబరం పిళ్లైతోపాటు పట్టుకుపోయారు, జైల్లో కుష్ఠు పట్టింది, ఆ ఒంటితోనే ఊరూరా తిరిగి 1925 జూలై 23న ఇక్కడే, పాపారపట్టిలో పోయాడు. ఆయన మీద ఒక హాస్యచిత్రం తీస్తావా?

మేనకోడలు: తీయను. ఆయన ఎవరితోనూ పోటీ పడలేదు. ఎవడు పెద్ద అని తేల్చుకోవడానికి ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి గురించే నా మాటంతా. అలాంటి ఇద్దరి కథ మన నేలమీదే ఒకటి ఉంది. మీరు ఇంతసేపూ వీరగల్లుల గురించి చెప్పి దాన్ని వదిలేశారేమా అని చూస్తున్నాను.

మామ: అతియమాన్ కథా?

మేనకోడలు: ధర్మపురి తగడూరుగా ఉన్నప్పటిది. తగడూరు రాజు అతియమాన్‌కీ, ఇంకో రాజు తొండైమాన్‌కీ చెడింది. అతియమాన్ తరఫున కవయిత్రి అవ్వైయార్ రాయబారం వెళ్లింది. తొండైమాన్ తన ఆయుధశాల చూపించాడు, బెదరగొడదామని. ఆవిడ అంతా తిరిగి చూసి ఏమందో పురనానూరు 95వ పాటలో ఉంది. నీ ఆయుధాలకేం, నెమలి పించాలు కట్టి, దండలు వేసి, నూనె రాసి, కాపలా ఉన్న భవనంలో దాచావు, మా రాజువి మాత్రం శత్రువుల్ని పొడిచి పొడిచి మొన విరిగి ఎప్పుడు చూసినా కొలిమి పాకలోనే పడుంటాయి అంది. పొగుడుతున్నట్టే పరువు తీసింది. కత్తివీరుల పోటీమీద ఇంతకంటే మంచి జోకు హాంకాంగ్‌లో పుట్టలేదు. యుద్ధం ఆగిందని కూడా చెబుతారు.

మామ: ఆ మాట ఎందుకు పనిచేసిందో చూడు. విరిగిన మొన నిజం కాబట్టి. కొలిమిలో ఉన్న కత్తి నిజంగా మనుషుల్ని చంపిన కత్తి కాబట్టి. ఆవిడ నవ్వు వెనకాల శవాలున్నాయి. అవి లేకపోతే అది ఉత్త వేళాకోళం, తొండైమాన్ కూడా నవ్వేసి ఊరుకునేవాడు. పైగా ఒక యుద్ధం ఆగిందేమో గానీ, ఆఖరికి చేరరాజు తగడూరు మీదికి వచ్చినప్పుడు ఏ చమత్కారమూ అడ్డం పడలేదు. తగడూరు పడిపోయింది. అతియమాన్‌నీ యుద్ధమే మింగింది.

మేనకోడలు: అతను పోయాక ఏడ్చి పాడింది ఎవరు?

మామ: ఆవిడే.

మేనకోడలు: ఆయుధశాలలో నవ్వినావిడే.

మామ: అందుకే ఆవిడకి నవ్వే హక్కు ఉంది అంటున్నాను. ముందూ వెనకా రెండూ తెలిసినావిడ. నీవాళ్లలో ఎవడు ఏడ్చాడు?

మేనకోడలు: చెప్పాను కదా, వాళ్లే. అవే మొహాలు, అవే పేర్లు. 1993లో గంతులేసినవాళ్లే 1994లో ఎడారికి వెళ్లారు. మీరు మొదటిది చూసి తీర్పు చెబుతున్నారు.

మామ: రెండోది ఎంతమంది చూశారో అది కూడా చెప్పు.

మేనకోడలు: మొదటిదాన్ని చూసినంతమంది చూడలేదు.

మామ: చూడలేదు కదా! నవ్వు టిక్కెట్టు తెగింది, ఏడుపు టిక్కెట్టు మిగిలిపోయింది. కూత్తులో అలా కుదరదు. కట్టియంకారన్ని చూసినవాడు తెల్లారేదాకా కూర్చోవాల్సిందే.

మేనకోడలు: అందరూ కూర్చుంటారా? సగంమంది రెండు గంటలకల్లా చాపలమీద నిద్రపోతారు.

మామ: డప్పు మోగగానే లేస్తారులే. సరే, ఆ రెండోది ఆదివారం పెట్టు, చూస్తాను. మధ్యలో ఆపి వివరించకూడదు.